ఆదిలాబాద్ నుంచి రెండు ప్రయాణాలు: ఒకటి రోడ్డు మీద, ఒకటి గాల్లో

రాని హెలికాప్టర్ ఒకటి మా దగ్గర 40 నిమిషాలు తినేసింది. తొమ్మిది రోజుల తర్వాత అదే కుటుంబం కోసం వచ్చిన హెలికాప్టర్ మాత్రం డబ్బుకు తగ్గ పని చేసింది. రెండూ ఒకే యాక్సిడెంట్‌కి సంబంధించినవే కాబట్టి కలిపి రాస్తున్నాను. నేను ఆదిలాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎమర్జెన్సీ చూసే డాక్టర్ని. పెద్ద ఊళ్లకు దూరంగా ఉన్న మాలాంటి చోట్ల మా పని సగం వైద్యం, సగం రవాణా. రాసుకోమని ఆ కుటుంబమే ఒప్పుకుంది. వయసులు, మరో రెండు మూడు వివరాలు మార్చాను. టైములు మాత్రం కేస్ షీట్‌లో ఉన్నవి ఉన్నట్టే.

ఇద్దరు పేషెంట్లు

డిసెంబర్ నెల, ఆదివారం. గుడిహత్నూర్ దగ్గర 44వ నంబరు హైవే మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఒక కారు గుద్దింది. కారు నడుపుతున్నది మేనమామ, 56 ఏళ్లు. పక్క సీట్లో మేనల్లుడు, 31 ఏళ్లు, బెల్టు పెట్టుకోలేదు. మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారం వాళ్లది. యాక్సిడెంట్ మధ్యాహ్నం 1:50కి. 108 వాళ్లు ఇద్దరికీ మెడకు కాలర్లు వేసి 2:35కి మా గుమ్మంలో దించారు.

చూడగానే భయపెట్టింది మేనమామ. స్టీరింగ్ తగిలి కుడివైపు పక్కటెముకలు ఐదు విరిగాయి. నిమిషానికి 36 సార్లు ఊపిరి లాగుతున్నాడు, ఆక్సిజన్ పెట్టినా 84 దాటడం లేదు. ఎక్స్‌రే కోసం ఆగకుండా ఛాతీలోకి ట్యూబు వేశాం. గాలి బుస్సుమని వచ్చింది, దాని వెనకే 400 మి.లీ. రక్తం. పది నిమిషాల్లో 95కి వచ్చాడు. పక్క మంచం మీద మేనల్లుడు "మామకేమైంది సార్?" అని అడుగుతున్నాడు. చెప్తే తలూపి, మళ్లీ అదే అడుగుతున్నాడు. మూడోసారి అడిగినప్పుడు నాకు అనుమానం వచ్చింది. కానీ అప్పటికి నా రెండు చేతులూ మామ ఛాతీ దగ్గర ఉన్నాయి.

ఒక వాంతి, ఎడమ కణత మీద వాపు, జీసీఎస్ 14. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి వేసే స్పృహ మార్కులనే జీసీఎస్ అంటాం. మామూలు మనిషికి 15, అట్టడుగు 3. 2:58కి సీటీ తీశాం. ఎడమ కణత ఎముక చిట్లింది. దాని కింద, ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య, పప్పుబద్ద ఆకారంలో రక్తపు గడ్డ. లెక్కేస్తే 28 మి.లీ. మెదడు మధ్యగీత 4 మి.మీ. పక్కకు జరిగింది.

దీన్నే ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. టైముకి తీసేస్తే మనిషి నడిచి ఇంటికెళ్తాడు. ఆలస్యమైతే మనతో మాట్లాడుతూ మాట్లాడుతూనే జారిపోతాడు. గడ్డ 30 మి.లీ. దాటితే స్పృహ ఎలా ఉన్నా ఆపరేషన్ చేసి తీసేయాలన్నది న్యూరోసర్జన్లు పెట్టుకున్న గీత. మావాడిది గీతకు కాస్త ఇవతలే ఉంది. అయితే ఆ సీటీ దెబ్బ తగిలిన గంటకు తీసింది. చిట్లిన ధమని ఇంకా కారుతూ ఉంటే, 28 అనేది అప్పటి కొలత మాత్రమే.

మాకు న్యూరోసర్జన్ లేరు. నెలకు రెండు శనివారాలు నాగపూర్ నుంచి ఒకాయన వచ్చి ఓపీ చూసి వెళ్తారు. ముందురోజే వచ్చి వెళ్లారు. 3:05కి ఆయనకు ఫోన్ చేసి సీటీ బొమ్మలు వాట్సాప్‌లో పెట్టాను. రెండు నిమిషాల్లో తిరిగి చేశారు. "పంపించెయ్. ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఖాళీ పెట్టిస్తా. దారిలో కంటిపాపలు చూస్తూ ఉండు." 3:08కి రక్తం కారడం తగ్గించే మందు, ట్రానెగ్జామిక్ యాసిడ్, ఒక గ్రాము ఎక్కించాం. 3:10కి అంబులెన్స్‌కి చెప్పాం. అప్పటిదాకా అంతా సాఫీగానే నడిచింది.

"హెలికాప్టర్ మాట్లాడినం"

3:15కి మేనల్లుడి బామ్మర్ది వచ్చాడు. రెండు చేతుల్లో రెండు ఫోన్లు.

"డాక్టర్ సాబ్, బావను హైదరాబాద్ తీస్కపోతం. హెలికాప్టర్ మాట్లాడినం. గంటల పోతదంట."

"హెలికాప్టర్ ఇప్పుడెక్కడుందన్నా?"

"బేగంపేటలనే ఉన్నదట. పైసల గురించి మీరు పరేషాన్ గాకుండ్రి."

అతని మీద నాకు కోపం లేదు. హైదరాబాద్‌కి రోడ్డు మీద ఐదు గంటల పైమాటే. గాల్లో గంటా పది నిమిషాలు. ఈ రెండు అంకెలే ముందు పెడితే ఎవరైనా రెండోదాన్నే ఎంచుకుంటారు. ఆ టెన్షన్‌లో అతనికి అందిన గట్టి ఆధారం అదొక్కటే. పైగా చుట్టాలంతా హైదరాబాద్‌లో ఉన్నారు. నాగపూర్ అనగానే "అక్కడ మనోళ్లెవరున్నరు సార్?" అన్నాడు.

తప్పు నా వైపు జరిగింది. ఎక్కడికి పంపాలో తేలాక సర్దుకుందామని పనులన్నీ ఆపేశాను. అంబులెన్స్‌ని పోర్టికోలోనే నిలబెట్టాం. మందులు సిరంజిల్లోకి ఎక్కించడం ఆపాం. వాళ్లు ఆపరేటర్‌తో మాట్లాడుతున్నారు. ఆపరేటర్ పైలట్‌తో మాట్లాడుతున్నాడు. దిగే చోటు గురించి ఇంకెవరో కలెక్టరేట్‌లో తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తున్నారు. 3:50కి తేలింది: ఈరోజు కుదరదు, రేపు పొద్దున పొగమంచు తొలిగాక వస్తాం.

అప్పుడు ఒక ప్రిస్క్రిప్షన్ కాగితం తిప్పి, వెనక రాసి చూపించాను. 3:15కే చేసి ఉండాల్సిన పని అది.

హెలికాప్టర్ లెక్క ఇలా. 3:15కి ఫోను. పైలట్లు రావాలి. డాక్టరు, స్ట్రెచరు, మానిటరు, వెంటిలేటరు ఎక్కాలి. ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. ఇక్కడ దిగడానికి అనుమతి, పోలీసులు, ఫైర్ ఇంజను కావాలి. అన్నీ కలిసొస్తే గంట. 4:15కి బేగంపేటలో లేస్తే, తిన్నగా 250 కిలోమీటర్లు, ఆదిలాబాద్ చేరేసరికి 5:25. ఖాళీగా వచ్చే ఈ గంటా పది నిమిషాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. స్ట్రెచర్ మార్చి తిరిగి లేవాలంటే 5:50. డిసెంబర్‌లో మాకు ఆరులోపే పొద్దుగూకుతుంది. దీపాలు లేని తాత్కాలిక హెలిప్యాడ్ నుంచి చీకట్లో ఎగరరు. కాబట్టి లెక్క అక్కడితో ఆగిపోయింది.

సరే, ఇది మే నెల, ఇంకా బోలెడు వెలుతురు ఉంది అనుకుందాం. 7:00కి బేగంపేట. అక్కడ మళ్లీ అంబులెన్స్, ఆదివారం సాయంత్రం ట్రాఫిక్, 7:30కి ఆసుపత్రి. ఓటీ టేబుల్ మీదికి 8:00.

రోడ్డు లెక్కలో ఒకటే లైను. 3:40కి బయలుదేరితే నాగపూర్ 200 కిలోమీటర్లు, నాలుగు వరుసల హైవే, సుమారు 3 గంటల 15 నిమిషాలు. 6:55కి గేటు, 7:20కి టేబుల్.

అంటే ఎండాకాలం హెలికాప్టర్ కన్నా చలికాలం అంబులెన్స్ 40 నిమిషాలు ముందుంది. ఆ కాగితం చూసి బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు. "గంట అన్నరు గద సార్" అన్నాడు. గంట నిజమే. ఐదు ముక్కల్లో అదొక ముక్క.

అమెరికా అంకెల గురించి ఒక మాట

హెలికాప్టర్ ప్రాణాలు కాపాడుతుందని అధ్యయనాలున్నాయి కదా అని నా జూనియర్ అడిగాడు. ఉన్నాయి. వాటిలో ఎక్కువగా ఉదహరించేది 2012లో జామా అనే వైద్య పత్రికలో వచ్చినది. తీవ్రంగా గాయపడ్డ 2,23,475 మంది పెద్దవాళ్ల వివరాలు తీసి చూశారు. పెద్ద ట్రామా సెంటర్లకు చేరినవాళ్లలో, 65 మందిని రోడ్డుకు బదులు హెలికాప్టర్‌లో తెస్తే ఒక ప్రాణం అదనంగా నిలుస్తుందని తేలింది. అది చిన్న విషయమేం కాదు. కానీ వాళ్లంతా ప్రమాద స్థలం నుంచి నేరుగా వచ్చినవాళ్లు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారినవాళ్లు కారు. పైగా అక్కడ హెలికాప్టర్ ఎక్కడో చార్టర్ కోసం ఎదురుచూస్తూ ఉండదు. పైలట్, నర్సు, పారామెడిక్ డ్యూటీలో కూర్చుని ఉంటారు, ఫోను మోగిన నిమిషాల్లో లేస్తారు. ఆ మేలులో ఎంత వేగానిది, ఎంత ఆ నర్సు చేతి పనితనానిది అన్నది ఇప్పటికీ విడదీయలేకపోతున్నారు.

దెబ్బ తగిలిన మొదటి గంటలో చికిత్స అందితేనే బతికే అవకాశం ఎక్కువని చెప్పే "గోల్డెన్ అవర్" మాటను జనంలోకి తెచ్చింది బాల్టిమోర్ సర్జన్ ఆర్. ఆడమ్స్ కౌలీ. 1970లో మేరీల్యాండ్ పోలీసు హెలికాప్టర్లు గాయపడ్డవాళ్లను ఆయన సెంటర్‌కి తేవడం మొదలుపెట్టాయి. కొరియా, వియత్నాం యుద్ధాల్లో సైన్యం నేర్చిన విద్యను ఊళ్లోకి తెచ్చిన మనిషి ఆయన. అయితే సరిగ్గా ఆ ఒక్క గంటకే అంత బలం ఉందనడానికి ఆధారం ఎక్కడుందని తర్వాత వెతికినవాళ్లకు పెద్దగా ఏమీ దొరకలేదు. అదే మేరీల్యాండ్‌లో 2008 సెప్టెంబర్‌లో, కారు ప్రమాదంలో గాయపడ్డ ఇద్దరు అమ్మాయిలను తీసుకెళ్తున్న పోలీసు హెలికాప్టర్ రాత్రిపూట, మబ్బుల్లో కూలింది. ఐదుగురిలో నలుగురు చనిపోయారు. ఆ తర్వాత, గాయం అంత తీవ్రంగా కనబడని కేసుల్లో హెలికాప్టర్ పిలిచే ముందు డాక్టర్‌ని సంప్రదించాలని అక్కడ నియమం పెట్టుకున్నారు.

మన దేశంలో రిషికేశ్ ఎయిమ్స్ 2024 అక్టోబర్‌లో సొంత హెలికాప్టర్ అంబులెన్స్ మొదలుపెట్టింది. కొండల్లో అది అవసరం. గుర్రం మీదో డోలీలోనో దిగాల్సిన చోట హెలికాప్టర్‌కి పోటీయే లేదు. 2025 మేలో కేదార్‌నాథ్‌లో దిగుతుండగా దాని తోక విరిగింది, లోపలున్న ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు. ఇదంతా చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఎక్కించే ముందు ఈ రిస్క్ కూడా తక్కెట్లో వేయాలి, అంతే.

రోడ్డు మీద

3:50 తర్వాత మేనల్లుడు మారిపోయాడు. చేతికున్న సెలైన్ పీకేశాడు, కాళ్లు మంచం మీంచి దించుతున్నాడు. సిస్టర్ "తాగినాడేమో సార్" అంది. తాగలేదు. తలకు దెబ్బ తగిలినవాడు ఉన్నట్టుండి గొడవ చేస్తున్నాడంటే ముందు లోపలి ఒత్తిడిని అనుమానించాలి. జీసీఎస్ 12. మూడు గంటలకు పైగా ప్రయాణం, స్పృహ దిగుతోంది. దారి మధ్యలో చీకట్లో, ఊగే బండిలో గొంతులో ట్యూబు వేయాల్సిన పరిస్థితి రాకూడదు. అందుకని ఇక్కడే వేశాం. నొప్పికి ఫెంటనిల్, మత్తుకు కెటమిన్, కండరాలు సడలడానికి రోక్యురోనియం. మెడ కదలకుండా ఒకరు పట్టుకున్నారు. మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడింది. ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 36. తల వైపు 30 డిగ్రీలు ఎత్తాం.

ఆక్సిజన్ లెక్క నేనే చేశాను. నిమిషానికి 10 లీటర్లు, 200 నిమిషాలు, అంటే 2000 లీటర్లు. దారిలో టైరు పేలినా నిలవాలి కాబట్టి రెట్టింపు, 4000. చిన్న బి టైపు సిలిండర్‌లో 1500 లీటర్లే ఉంటుంది. పెద్ద డి టైపులో 7000. పెద్దది నిండుగా ఉందో లేదో గేజీ మీద వేలు పెట్టి మరీ చూశాను. చూడనిది వేరే ఉంది, దాని సంగతి తర్వాత వస్తుంది.

4:22కి బయలుదేరాం. నేను, ఒక స్టాఫ్ నర్సు, డ్రైవర్. 108లో డ్రైవర్ని పైలట్ అంటారు. ఇతను అక్కడ చేసొచ్చినవాడే, అందుకని మేమూ పైలట్ అనే పిలుస్తాం. "తమ్ముడూ, 80 దాటొద్దు. బ్రేక్ వేసే ముందు అరువు" అన్నాను. బండిలో పేషెంట్ తల డ్రైవర్ వైపు ఉంటుంది. గట్టిగా బ్రేక్ పడితే ఒంట్లో రక్తం తల వైపు తోసుకొస్తుంది. తలలో చోటు లేని మనిషికి అది మంచిది కాదు. స్పీడుగా పోయి మిగిల్చిన పది నిమిషాలు ఒక్క బ్రేకుతో పోతాయి.

పెన్‌గంగ వంతెన దాటాక మహారాష్ట్ర. కేలాపూర్ టోల్ దగ్గర, 5:20కి, సిరంజి పంపు కూతపెట్టింది. బ్యాటరీ అయిపోయింది. ప్లగ్గు సాకెట్‌లోనే ఉంది, సాకెట్‌లో కరెంటు లేదు. ఇన్వర్టర్ ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు. మత్తు మందు ఆగిన మూడు నాలుగు నిమిషాల్లో కుర్రాడు ట్యూబు మీద దగ్గాడు. బీపీ 178కి ఎగబాకింది. మందు సిరంజితో చేత్తోనే ఇచ్చి పడుకోబెట్టాం. నర్సు పిల్ల అక్కడి నుంచి నాగపూర్ దాకా ప్రతి పది నిమిషాలకూ వాచీ చూసుకుంటూ చేత్తోనే ఇచ్చింది. బండి సొంతదారుతో తర్వాత గొడవపడ్డాను. కానీ ఎక్కే ముందు సాకెట్‌లో ఒక ఫోన్ ఛార్జర్ పెట్టి చూస్తే సరిపోయేది.

5:35కి, పాండర్‌కవడా దాటాక, కనురెప్పలు ఎత్తి టార్చి వేశాను. కుడి పాప 3 మి.మీ., టక్కున ముడుచుకుంది. ఎడమది 5 మి.మీ., బద్ధకంగా కదిలింది. ఇంకో రెండుసార్లు వేసి చూశాను, నా కళ్లే తప్పేమోనని. తప్పు కాదు. గడ్డ పెరిగి మెదడును కిందికి నొక్కుతోంది.

తలలో ఒత్తిడి తగ్గించడానికి 3 శాతం సెలైన్ 250 మి.లీ. వేగంగా ఎక్కించాం. అందుకే వెంటిలేటర్ వేగం కూడా కాస్త పెంచి కార్బన్ డయాక్సైడ్‌ని 32కి దించాను. ఎక్కువసేపు అలా ఉంచకూడదు, మెదడుకు రక్తం తగ్గిపోతుంది. కానీ ఆ సమయంలో అది ఒక మెట్టు. పావుగంటకు పాప 4కి వచ్చింది, ఇంకా బద్ధకంగానే ఉంది. సర్జన్‌కి ఫోన్ చేస్తే ఒకటే మాట: "క్యాజువాల్టీలో ఆపకు. సీటీ వద్దు. తిన్నగా ఓటీకి."

హింగన్‌ఘాట్, జామ్, బుటిబోరి. ఆ దారంతా నాకు టార్చి, గడియారమే గుర్తు. 7:34కి గేటు. 7:58కి తల మీద కోత పడింది. బయటికొచ్చిన గడ్డ 60 మి.లీ.కి పైనే ఉందన్నారు. రక్తం కారిన ధమనికి వాత పెట్టి ఆపారు. రాత్రి 11కి రెండు పాపలూ సమానమయ్యాయి.

పాప మారినప్పటి నుంచి కోత దాకా 2 గంటల 23 నిమిషాలు. 3:40కే బయలుదేరి ఉంటే అందులో 42 నిమిషాలు తగ్గేవి. 3:15కి ఆగిపోకుండా ట్యూబు, మందులు అన్నీ సర్దుకుంటూ ఉంటే ఆ టైముకి బయలుదేరగలిగేవాళ్లమే. ఈ లెక్క రాయడం నాకు ఇష్టం లేదు, కానీ కేస్ షీట్ అదే చెప్తోంది.

మా జనరల్ సర్జన్ తర్వాత అడిగారు, ఇక్కడే తలకు ఒక రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించి ఉండొచ్చు కదా అని. ఆ మధ్యాహ్నం పాపలు బాగున్నాయి, కాబట్టి ఆ ప్రశ్న రాలేదు. బయలుదేరక ముందే ఎడమ పాప పెద్దదైపోయి ఉంటే, నాగపూర్ సర్జన్‌ని వీడియో కాల్‌లో పెట్టుకుని చేయమని నేనే అడిగేవాణ్ణి. గడ్డకట్టిన రక్తం చిన్న రంధ్రంలోంచి అంత సులువుగా రాదని తెలిసి కూడా.

తొమ్మిదో రోజు, గాల్లో

మేనమామ మా దగ్గరే ఉండిపోయాడు. మూడో రోజుకి నలిగిన ఊపిరితిత్తి బరువెక్కి వెంటిలేటర్ మీదికి వెళ్లాడు. ఎనిమిదో రోజుకి 60 శాతం ఆక్సిజన్, పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తి ముడుచుకోకుండా వెంటిలేటర్ నిలిపే ఒత్తిడి) 10 మీద ఉన్నాడు. ఎముకలకు ప్లేట్లు వేసే థొరాసిక్ సర్జన్, అంతకుమించిన ఐసీయూ కావాలి. ఈసారి హైదరాబాద్ అనేది సరైన మాటే. బామ్మర్ది మళ్లీ హెలికాప్టర్ అన్నాడు, కానీ ఈసారి భయపడుతూ అడిగాడు.

నేను సరేనన్నాను. కారణం వేగం కాదు. అంత పెళుసుగా ఉన్న ఊపిరితిత్తిని నిర్మల్ ఘాట్ మీదుగా ఐదున్నర గంటలు చిన్న వెంటిలేటర్ మీద లాక్కెళ్లడం నాకు ఇష్టం లేదు. బండిలో గడిపే ప్రతి గంటా ఒక రిస్కే. వాటిలో మూడు తగ్గించుకోవచ్చు. పైగా నలుగురు మనుషులకు ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి అన్నీ సిద్ధం చేసుకునే తీరిక ఉంది. ఖర్చు 7 లక్షల 80 వేలు. రోడ్డు మీదైతే డాక్టర్‌తో కలిపి 40 వేలు అయ్యేది. ఆ మాట కూడా దాచకుండా చెప్పాను. ఒప్పుకున్నారు.

పొద్దున మంచు వల్ల 8:50 దాకా బేగంపేటలో లేవలేదు. మేం 9:30కి మంచం మీంచి కదిలి, అంబులెన్స్‌లో పోలీస్ పరేడ్ గ్రౌండ్‌కి వెళ్లి కూర్చున్నాం. సున్నంతో పెద్ద హెచ్ గీశారు. మున్సిపాలిటీ ట్యాంకర్ వచ్చి నీళ్లు చల్లింది. అయినా 10:05కి హెలికాప్టర్ దిగుతున్నప్పుడు లేచిన ఎర్రదుమ్ముకి అంబులెన్స్ అద్దాలు మూసి, పేషెంట్ మీద దుప్పటి కప్పాల్సి వచ్చింది.

రోడ్డు మీదైతే పేషెంట్‌ని రెండుసార్లు మారిస్తే చాలు: మంచం నుంచి బండికి, బండి నుంచి మంచానికి. గాల్లో నాలుగుసార్లు. ట్యూబులు ఊడేది దారిలో కాదు, ఈ మార్పుల్లోనే. అందుకని మార్చిన ప్రతిసారీ ఒకరు గొంతు ట్యూబు పట్టుకుని, "నేను పట్టుకున్నా" అని గట్టిగా అన్నాకే మిగతావాళ్లు ఎత్తారు. ఛాతీ ట్యూబుకున్న నీళ్ల సీసా తీసేసి, గాలిని ఒకే వైపు వదిలే చిన్న వాల్వు, సంచీ పెట్టాం. ట్యూబుకి క్లాంపు వేసి పంపుతుంటారు కొందరు. లోపల గాలి కారుతున్నవాడికి అది ప్రమాదం.

పైకి వెళ్తే గాలి వ్యాకోచిస్తుంది కదా అని చదువుకున్న చుట్టం ఒకాయన అడిగారు. నిజమే. కానీ హెలికాప్టర్ రెండు మూడు వేల అడుగుల్లోనే పోతుంది, తేడా సుమారు పది శాతమే. విమానం క్యాబిన్‌లో అయితే అది మూడోవంతు దాకా వెళ్తుంది. ఛాతీలో ట్యూబు ఉన్నవాడికి పది శాతం సమస్య కాదు. అసలు సమస్య చప్పుడు. లోపల స్టెతస్కోపు ఉత్త అలంకారం. ఊపిరి వినబడదు, అలారం వినబడదు. ఛాతీ లేస్తోందా, తెర మీద గీతలు సరిగా ఉన్నాయా అని కళ్లతోనే చూడాలి. వచ్చిన డాక్టర్, పారామెడిక్ ఇద్దరూ వారానికి రెండు మూడుసార్లు ఇదే పని చేసేవాళ్లు. వాళ్లు ట్యూబులకు ప్లాస్టర్ వేసిన తీరు చూసి నా భయం సగం పోయింది.

బరువు దగ్గర ఒక చిన్న గొడవ జరిగింది. మేనమామ భార్య తానూ ఎక్కుతానంది. పైలట్ అందరి బరువులూ రాసుకుని, తిరుగు ప్రయాణానికి కావాల్సిన ఇంధనంతో కలిపి కుదరదన్నాడు. "నేనెంత బిడ్డా, నలభై ఎనిమిది కిలోలే" అంది ఆమె. పైలట్ హెలికాప్టర్ వైపు, ఆమె వైపు చూసి, తన సామాను సంచీ, ఇంకో ఖాళీ పెట్టె దించేసి కూడా లెక్క వేశాడు. కుదరలేదు. ఆమె చేతిలోని టిఫిన్ డబ్బా ఎవరికివ్వాలో తెలియక నాకిచ్చింది.

10:35కి లేచింది. 11:45 బేగంపేట, 12:20కి ఐసీయూ మంచం. మంచం నుంచి మంచానికి 2 గంటల 50 నిమిషాలు. ఆక్సిజన్ ఒక్కసారి కూడా 92 కిందికి పోలేదని ఆ డాక్టర్ మెసేజ్ పెట్టాడు. మేనమామ భార్య రోడ్డు మీద బయలుదేరి నాలుగున్నరకు చేరింది.

తర్వాత

మా ఎమర్జెన్సీలో ఇప్పుడు ఫోన్ పక్కన ఒక అట్ట వేలాడుతోంది. పైన రెండు వరుసలు, రోడ్డు, గాలి. ఒక్కో వరుసలో గళ్లు: బయలుదేరడం, రావడం, ఎక్కించడం, చేరడం, టేబుల్. బంధువులతో కలిసి నింపుతాం, పెన్ను వాళ్ల చేతికే ఇస్తాం. అది నింపుతుండగా లోపల పని ఆగదు, సిలిండర్, మందులు, ట్యూబు అన్నీ నడుస్తూనే ఉంటాయి. అట్ట కింద ఎర్ర ఇంకుతో ఎవరో "సాకెట్ చూడు" అని రాశారు. చేతిరాత ఆ నర్సు పిల్లదే అని నా అనుమానం.

మేనమామకు ఎముకలకు ప్లేట్లు వేశారు, ఐదో వారానికి వెంటిలేటర్ లేకుండా ఇంటికొచ్చాడు. మెట్లెక్కితే ఆయాసం ఉంది. మేనల్లుడు ఎనిమిదో రోజే నాగపూర్ నుంచి డిశ్చార్జ్ అయ్యాడు. మార్చిలో చూపించుకోవడానికి వచ్చాడు. నడక, చేతి బలం, లెక్కలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏ రోజు క్వింటాల్ ఎంత పలికిందో వరసగా చెప్పాడు. పేర్లు మాత్రం దొరకడం లేదు. మాట ఉండే వైపు కణత అది. యార్డుకు బండి తెచ్చే రైతుల్ని ఊరి పేరుతోనో, ఎద్దుల రంగుతోనో పిలుస్తున్నాడట. వాళ్లు నవ్వుకుంటున్నారట. తగ్గుతుందా అని అడిగితే, మెల్లగా కొంత తగ్గుతుంది, ఎంతో చెప్పలేను అన్నాను.

వెళ్తూ తలుపు దగ్గర ఆగి, వెనక ఉన్న భార్యతో ఏదో చెప్పబోయి, నా వైపు చూపుడువేలు చూపించి తడుముకున్నాడు. ఆమె నోరు తెరవబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కాసేపు ఆలోచించి "నాగపూర్ సారు" అన్నాడు.